తాతయ్య ఫొటో వెనక రెండు గుడ్లు

ఉగాదికి ఇంకా మూడ్రోజులే ఉంది. రామచంద్రపురంలో మా అమ్మమ్మగారింటికి వెల్ల వేస్తున్నారు. వీధిగది అయిపోయింది, వంటిల్లు అయిపోయింది. నడవలోకొచ్చి గోడమీద తాతయ్య ఫొటో దించబోయిన మేస్త్రి ఒక్కసారిగా ఆగిపోయాడు. 'ఆయ్... ఓసారి ఇటు చూడండమ్మా' అన్నాడు. పటానికీ గోడకీ మధ్య సందులో రెండు తెల్లటి గుడ్లు. చింతగింజంత కూడా లేవు. బల్లి గుడ్లు!

అత్త చీపురు పట్టుకొచ్చింది. 'పండగ పూట ఇదేం గోలరా బాబూ, ముందవి ఊడ్చెయ్' అంది. అంతే, మా అమ్మాయి వెళ్లి గోడకి అడ్డంగా నిలబడింది. పదేళ్ల పిల్ల. బల్లిని చూస్తే కెవ్వుమనే వయసు. కానీ ఇది వేరే రకం. ఆర్నెల్లుగా మా ఇంట్లో ఒకటే పాట... 'నాన్నా, లెపర్డ్ గెకో కొనవా?' అని.

లెపర్డ్ గెకో అంటే ఏదో అనుకునేరు. అదీ బల్లే. పసుపు పచ్చటి ఒంటిమీద చిరుతపులికున్నట్టు నల్లమచ్చలుంటాయి. మన గోడబల్లికి లేని కనురెప్పలు దానికుంటాయి. గోడలెక్కడం మాత్రం రాదు, వేళ్లకి ఆ అతుకు లేదు. జానెడు పొడవు పెరుగుతుంది, సరిగ్గా చూసుకుంటే పదిహేను, ఇరవయ్యేళ్లు బతుకుతుంది. అమెరికాలో, యూరప్‌లో కుక్కపిల్లని పెంచినట్టు దీన్ని పెంచుతారు. పెంచడమే కాదు, ఆడా మగా జతచేసి, గుడ్లు పెట్టించి, వాటిని డబ్బాల్లో పొదిగించి పిల్లల్ని చేస్తారు. ఆ వీడియోలన్నీ మా అమ్మాయికి కంఠతా వచ్చు. ప్రణాళిక కూడా సిద్ధం. ఒక జత కొనాలి, గుడ్లు పొదిగించాలి, క్లాసులో అందరికీ తలా ఒక పిల్లని ఇవ్వాలి!

ఇదంతా విని అమ్మమ్మ నోరు నొక్కుకుంది. 'బల్లిని డబ్బులిచ్చి కొనుక్కోవడమేంటే తల్లీ... ఇక్కడ ఊరికే ఉన్నాయిగా, ఓ నాలుగు పట్టుకుపో!'

గోడమీది చుట్టం

నిజమే మరి. బల్లి లేని తెలుగిల్లు ఎక్కడుంది? కొత్త సంవత్సరం పంచాంగం కొంటే అందులో బల్లిశాస్త్రానికి ఓ పేజీ ఉండాల్సిందే. తలమీద పడితే ఒక ఫలం, భుజాన పడితే ఇంకొకటి, మగవాళ్లకి ఒకలా, ఆడవాళ్లకి ఒకలా. మాట్లాడుతుంటే బల్లి 'కిచకిచ'మంటే నేలమీద వేలితో తట్టి 'కృష్ణ కృష్ణ' అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కంచి వెళ్లొచ్చినవాళ్లని 'బంగారు బల్లిని ముట్టుకున్నావా?' అని అడిగి, వాళ్ల చేయి తాకించుకుంటారు. ఇన్ని మర్యాదలు చేస్తూనే కనబడగానే చీపురు తీస్తాం. బల్లితో మన చుట్టరికం అలాంటిది.

ఇంతా చేస్తే మన గోడబల్లికి విషం లేదు. రాత్రంతా ట్యూబులైటు దగ్గర కాపలా కాసి పురుగుల్ని, దోమల్ని మింగుతుంది. ఏటా కొన్నిసార్లు, ప్రతిసారీ రెండేసి గుడ్లు పెడుతుంది. పెట్టినప్పుడు మెత్తగా ఉండి, కాసేపటికి గాలి తగిలి సున్నపు గుల్లలా గట్టిపడతాయి. చెక్క సందులో, మీటరు బోర్డు వెనక, ఇదిగో ఇలా ఫొటోల వెనక పెట్టేసి తన దారిన తను పోతుంది. తల్లి పొదగదు. మళ్లీ వచ్చి చూడదు కూడా. పిల్ల బయటికొచ్చిన క్షణం నుంచీ దాని తిండి అది వెతుక్కోవాల్సిందే.

మా అమ్మాయికి ఈ సంగతి తెలుసు. అందుకే వెంటనే అడిగింది. 'నాన్నా, వీటిని డబ్బాలో పెట్టి మన ఇంటికి తీసుకెళ్లి పొదిగిద్దామా?'

వద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను. దాని ముఖం చిన్నబోయింది. ఎందుకన్నానో చెప్పాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. ఇదే ఇంట్లో, ఇదే పెరట్లో.

హార్లిక్స్ సీసాలో పదమూడు

వేసవి సెలవులు అయిపోవస్తున్నాయి. తొలకరి పడి నేల మెత్తబడింది. పెరట్లో మందారం పాదు దగ్గర ఓ తొండ గొయ్యి తవ్వుతుంటే చూశాను. అప్పటికి తొండలంటే మాకు గురిచూసి రాళ్లేయడానికే. ఆ రోజెందుకో వేయబుద్ధి కాలేదు. అది తోక గోతిలోకి దించి చాలాసేపు అలాగే ఉండిపోయింది. తర్వాత కాళ్లతో మట్టి కప్పి, తలతో గట్టిగా అదిమి, కంచె మీదుగా వెళ్లిపోయింది. తవ్వి చూస్తే పదమూడు గుడ్లు. వేలి కొసంత, తెల్లగా, తోలులా మెత్తగా.

హార్లిక్స్ సీసాలో ఇసక పోసి వాటిని అందులో పెట్టాను. గుడ్డు గురించి నాకు తెలిసిందల్లా అమ్మమ్మ దగ్గర చూసిందే. పొదుగుకొచ్చిన కోడిని గంపలో గడ్డివేసి కూర్చోబెట్టేది. పదకొండో, పదమూడో గుడ్లు పెట్టేది. బేసి సంఖ్యలోనే పెట్టాలి, అదో లెక్క. కోడి రోజూ ముక్కుతో గుడ్లని దొర్లించేది. 'అలా తిప్పకపోతే పిల్ల అవదురా' అని అమ్మమ్మే చెప్పింది. నేనూ అదే చేశాను. పొద్దునొకసారి, సాయంత్రమొకసారి పదమూడు గుడ్లనీ జాగ్రత్తగా తిప్పేవాణ్ని. ఎండ తగలాలని మధ్యాహ్నం సీసాని అరుగుమీద పెట్టేవాణ్ని. మూత పెట్టి మరీ!

పదిరోజులకి వాసన మొదలైంది. అత్త సీసా తీసుకెళ్లి కాలవలో పారేసింది. ఎవరూ ఏమీ అనలేదు. ఒక్క గుడ్డు పగిలినచోట మాత్రం లోపల చిన్న కన్ను, వంకీ తిరిగిన తోక కనిపించాయి. అది ఇప్పటికీ మర్చిపోలేదు.

కోడి లెక్క వేరు, తొండ లెక్క వేరు

తప్పెక్కడ జరిగిందో చాలా ఏళ్లకిగానీ తెలియలేదు. కోడిగుడ్డులో తెల్లసొనని పట్టుకుని రెండు వైపులా మెలితిరిగిన తాళ్లలాంటివి ఉంటాయి. పచ్చసొన వాటి మధ్య ఊయల్లా వేలాడుతుంది. గుడ్డు ఎటు తిరిగినా పిండం పైకే వస్తుంది. తిప్పకుండా వదిలేస్తే పెంకుకి అంటుకుపోయి చనిపోతుంది. అందుకే కోడి తిప్పుతుంది, హేచరీల్లో యంత్రాలూ తిప్పుతాయి. 37.5 డిగ్రీల వేడి, 21 రోజులు. కోళ్ల ఫారాలకి పేరున్న అనపర్తి ఇక్కడికి దగ్గరే కాబట్టి ఈ లెక్క మావైపు చాలామందికి నోటికే వచ్చు.

తొండ, బల్లి, తాబేలు గుడ్లలో ఆ తాళ్లు ఉండవు. పెట్టిన కొద్ది గంటలకో, ఒక రోజుకో పిండం పెంకు లోపలి పొర పైభాగాన అతుక్కుని స్థిరపడుతుంది. ఇక దాన్ని కదపకూడదు. తలకిందులైతే ఆ అతుకు తెగొచ్చు, పచ్చసొన బరువుకింద పిండం నలిగిపోవచ్చు. ఒక గుడ్డుకి ప్రాణం పోసే పనే ఇంకో గుడ్డుకి ప్రాణాంతకం. రోజుకి రెండుసార్లు నేను చేసింది అదే.

బల్లుల్ని ఇళ్లలో పెంచేవాళ్లు మొదట నేర్చుకునే పాఠం కూడా ఇదే. గుడ్డు కనబడగానే దాని నెత్తిన పెన్సిలుతో చిన్న గీత పెడతారు. తీసినా, పెట్టినా ఆ గీత పైకే ఉండాలి. మూతకి చిన్న రంధ్రాలున్న ప్లాస్టిక్ డబ్బాలో వర్మిక్యులైట్ అనే ఖనిజం పోస్తారు. కుండీల్లో మొక్కలకి వాడే తేలికపాటి పొట్టులాంటిది. దాని బరువుకి సమానంగా నీళ్లు కలుపుతారు. పిడికిట్లో పిండితే చుక్క రాలకూడదు, అదీ పదును. అందులో గుడ్డుని సగానికి పాతి, ఉష్ణోగ్రత మారకుండా చూసే ఇంక్యుబేటర్‌లో పెడతారు. లెపర్డ్ గెకో గుడ్డు మన గోడబల్లి గుడ్డులా గట్టిది కాదు, తోలుగుడ్డు. చుట్టూ ఉన్న తేమ పీల్చి ఉబ్బుతుంది, రోజురోజుకీ బరువెక్కుతుంది. వారం పోయాక చీకట్లో కింద నుంచి టార్చి వేస్తే ఎర్రటి సన్న నరాలు కనిపిస్తాయి. కనిపిస్తే ప్రాణం ఉన్నట్టే. పసుపు రంగుకి తిరిగి, కుంగిపోయి, బూజు పడితే లేనట్టు. మామూలుగా నెలన్నర నుంచి రెండు నెలల్లో పిల్ల తన ముక్కు కొసనున్న చిన్న పంటితో పెంకుని చీల్చుకుని తల బయట పెడుతుంది.

అన్నిటికంటే వింత ఇంకోటుంది. లోపలుంది ఆడో మగో తల్లీ తండ్రీ తేల్చరు, వేడి తేలుస్తుంది! లెపర్డ్ గెకో గుడ్లని 26 డిగ్రీల దగ్గర ఉంచితే దాదాపు అన్నీ ఆడవే. 32 దగ్గర ఎక్కువ మగవి. 34 దాటితే మళ్లీ ఆడవి. పడమటి దేశాల్లో పెంచేవాళ్లు థర్మోస్టాట్ మీట తిప్పి కావలసినవి పుట్టించుకుంటారు. ఈ రహస్యం మొదట బయటపడింది కూడా తొండ కుటుంబంలోనే. ఆఫ్రికాలోని సెనెగల్‌లో ఉండి పరిశోధన చేసిన మాడెలిన్ షార్నియె అనే ఫ్రెంచి శాస్త్రవేత్త 1966లో అక్కడి రంగుల తొండ గుడ్లమీద దీన్ని గమనించారు. మరి మన పెరటి తొండ? దానిది ఇంకా విచిత్రం. చల్లదనం నుంచి వేడికి పోతుంటే ఆడ, మగ, ఆడ, మగ అని నాలుగు మలుపులు తిరుగుతుందని 2012లో మన దేశపు పరిశోధకులే ప్రచురించారు. 'తొండ ముదిరి ఊసరవెల్లి అయినట్టు' అంటాం. అవి రెండూ వేర్వేరు జంతువులు, తొండ ఎంత ముదిరినా తొండే. కానీ వేడి ముదిరితే గుడ్డులో ఆడది మగదయ్యే మాట మాత్రం నిజం.

ఇక్కడే మనకో చిక్కుంది. ఇంక్యుబేటర్లన్నీ చలిదేశాల వాళ్లు గుడ్డుని వెచ్చగా ఉంచడానికి చేసుకున్నవి. మే నెలలో గోదావరి జిల్లాల్లో వడగాడ్పు కొడితే గది వేడే 40 దగ్గర ఉంటుంది. 35, 36 దాటితే చాలా బల్లిజాతుల గుడ్లు బతకవు. వేడి పుట్టించడం కాదు, తగ్గించడం మన సమస్య. కరెంటు పోతే ఇక చెప్పనక్కర్లేదు. నా హార్లిక్స్ సీసా మూత బిగించి ఎండలో ఎంత వేడెక్కి ఉంటుందో ఇప్పుడు తలుచుకుంటే... సరే, వదిలేయండి.

కొనడానికి ముందు

గుడ్డు పిల్లయ్యాక అసలు కథ మొదలవుతుంది. ఒక ఆడ లెపర్డ్ గెకో ఒక కాలంలో రెండేసి చొప్పున ఐదారు విడతలైనా గుడ్లు పెడుతుంది. అంటే ఏడాదికి పది, పన్నెండు పిల్లలు. మగవి ఒకచోట ఉంటే కొట్టుకుంటాయి కాబట్టి ఎవరి డబ్బా వారిదే. తిండి బతికున్న కీచురాళ్లూ పురుగులూ. వాటికి కాల్షియం పొడి అద్దాలి. గుడ్ల కోసం ఒంట్లోని సున్నమంతా ధారపోసే తల్లికి ఆ పొడి లేకపోతే ఎముకలు వంగిపోతాయి. ఇరవయ్యేళ్లు బతికే ప్రాణి. పదేళ్ల పిల్ల సరదాకి కొంటే, దాని పెళ్లయ్యేదాకా చాకిరీ చేసేది ఎవరో వేరే చెప్పాలా?

ఇగువానా సంగతి మరీనూ. కొన్నప్పుడు అరచేతిలో పచ్చటి బొమ్మలా ఉంటుంది. పెరిగితే ఐదడుగులు. ఒక్క విడతలో ఇరవై నుంచి అరవై దాకా గుడ్లు! అమెరికాలోని ఫ్లోరిడాలో పెంపుడు ఇగువానాలు బయటపడి, కాలవగట్లు తవ్విపోస్తూ పెద్ద తలనొప్పయ్యాయి. కాలవగట్ల మీద బతికే మా డెల్టాకి అలాంటి చుట్టం వద్దు బాబోయ్.

పైగా చట్టం ఒకటుంది. ఉడుముని పట్టడం, చంపడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పెద్ద నేరం. మొదటి షెడ్యూలులో పులి పక్కనే దాని పేరూ ఉంటుంది. ఊసరవెల్లి, నక్షత్ర తాబేలు కూడా ఇళ్లలో పెంచుకునేవి కావు. విదేశీ జంతువుల మాటకొస్తే, ఆ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్న జాతుల్ని పెంచేవాళ్లు ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవాలి. 2024లో అందుకు నియమాలూ వచ్చాయి. ఇగువానా ఆ కోవలోదే. కొన్నదే కాదు, ఇంట్లో పుట్టిన పిల్లల లెక్క కూడా చెప్పాలి. 'ఏం ఫర్వాలేదు సార్, కాగితాలు అక్కర్లేదు' అని అమ్మేవాడు చెప్పే మాట నమ్మకుండా ముందు అటవీశాఖవారిని అడగడం మంచిది. ఇంకో మాట, బల్లులూ తాబేళ్లూ ఒంటిమీద సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవిని మోస్తుంటాయి. ఈ కారణంగానే 1975లో అమెరికా నాలుగంగుళాల కంటే చిన్న తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించింది. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడుక్కోవాలి. చంటిపిల్లలున్న ఇంట్లో మరీ జాగ్రత్త.

ఇవన్నీ మా అమ్మాయికి చెప్పాను. అన్నీ విని ఒకే ప్రశ్న వేసింది. 'అయితే గుడ్డులోంచి పిల్ల రావడం నేనెప్పుడూ చూడలేనా?'

అప్పుడు మావయ్య అన్నాడు... 'ఎందుకు చూడలేవమ్మా, రేపు తెల్లారగట్ల లే. సముద్రం దగ్గరకి పోదాం.'

గోదావరి దాటితే కోనసీమ

రామచంద్రపురం 2022లో కోనసీమ జిల్లాలో కలిసింది. కానీ ఊళ్లో పెద్దవాళ్లని అడిగితే నవ్వుతారు. కోనసీమ అంటే గౌతమికీ వశిష్ఠకీ మధ్యనున్న నేల. మాది గౌతమికి ఇవతలి ఒడ్డు. జిల్లా పేరు కోనసీమ, కోనసీమకి వెళ్లాలంటే మాత్రం గోదావరి దాటాలి!

చీకటితోనే బయల్దేరాం. ద్రాక్షారామం దాటేసరికి భీమేశ్వరుడి గుడిలో గంట వినిపించింది. రోడ్డుకి రెండువైపులా దాళ్వా చేలు పొట్టపోసుకుని ఉన్నాయి. పక్కనే కోటిపల్లి రైలుకట్ట. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ఇక్కడి పట్టాలు పీకి పట్టుకుపోతే, మళ్లీ వేసి రైలు నడపడానికి 2004 దాకా పట్టింది. కోటిపల్లి రేవులో బండిని పంటు ఎక్కించాం. తెల్లారే గోదారి మీద పంటు మెల్లగా కదులుతుంటే ఎవరూ మాట్లాడరు, అదేం చిత్రమో. ముక్తేశ్వరంలో దిగి, అమలాపురం మీదుగా కొబ్బరితోటల మధ్య నుంచి దక్షిణంగా పోతే సరుగుడు తోపులు వస్తాయి. సరుగుడు తోపు వచ్చిందంటే సముద్రం వచ్చినట్టే.

తోపు దాటగానే ఇసకలో వల కట్టిన చిన్న దడి. లోపల వరసగా పుల్లలు పాతి ఉన్నాయి. ఒక్కో పుల్లకి ఒక్కో చీటీ. గూడు నంబరు, తేదీ, గుడ్ల సంఖ్య. ఆలివ్ రిడ్లే తాబేళ్ల హేచరీ అది. కాపలాకున్నది ఓ మత్స్యకారుడు. అటవీశాఖ వాళ్లు ఈ కాలానికి పనికి పెట్టుకున్నారు.

జనవరి నుంచి మార్చి దాకా తల్లి తాబేళ్లు రాత్రిపూట ఒడ్డుకి వస్తాయి. కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ నుంచి కోనసీమ పొడుగునా ఈ తీరమంతా వాటి పుట్టింటి కిందే లెక్క. వెనక కాళ్లతో మూరెడు లోతున కుండలాంటి గొయ్యి తవ్వి, నూటికి అటూఇటూగా గుడ్లు పెడతాయి. పింగ్‌పాంగ్ బంతుల్లా ఉంటాయి. ఇసక కప్పి, ఒంటితో అదిమి, తెల్లారేలోగా నీళ్లలోకి వెళ్లిపోతాయి. అచ్చం మందారం పాదు దగ్గర చూసిన తొండలాగే! ఆ తర్వాత వచ్చేది కుక్కలు, నక్కలు, అలలు, మనుషులు. అందుకే ఈ కాపలావాళ్లు రాత్రంతా ఒడ్డున నడుస్తారు. అడుగుల జాడ పట్టుకుని గూడు వెతికి, గుడ్లు తీసి, హేచరీలో అంతే లోతున, అదే ఆకారంలో గొయ్యి తీసి పాతుతారు.

'ఎంతసేపట్లో తేవాలండీ?' అని అడిగాను.

'పెట్టిన గంటల్లోనేనండి. పొద్దెక్కితే పనికిరావు. ఇంకోటండోయ్, గుడ్డుని ఎలా తీశామో అలానే పెట్టాల. తిరగెయ్యకూడదు. బకెట్టు ఊగకూడదు. మొదట్లో మాకూ తెలీదండి, మోటారు సైకిలు మీద గతుకుల్లో తెచ్చేవాళ్లం.' ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. మా అమ్మాయి నా వంక చూసింది. సీసా కథ దానికి ముందు రాత్రే చెప్పాను.

దడిమీద ఆకుపచ్చ గుడ్డ నీడకట్టారు. ఎందుకని అడిగితే ఆయనే చెప్పాడు. 'ఎండలు ముదిరితే అన్నీ ఆడపిల్లలేనంటండి. సార్లు చెప్పారు. మగపిల్లలు కూడా ఉండాల కదండీ మరి.' నిజమే, ఆలివ్ రిడ్లేకి 29, 30 డిగ్రీలు గీటురాయి. ఇసక అంతకంటే చల్లగా ఉంటే మగవి, వేడెక్కితే ఆడవి. థర్మోస్టాట్ మీట తిప్పినంత పనీ ఇక్కడ ఒక గజం నీడగుడ్డతో చేస్తున్నారు.

నలభై ఎనిమిదో రోజు

ఒక పుల్ల దగ్గర ఇసక కాస్త కుంగింది. 'నలభై ఎనిమిదో రోజండి ఇది' అన్నాడాయన. ముందు ఒక నల్లటి ముక్కు. తర్వాత ఒక తెడ్డులాంటి కాలు. కాసేపు కదలిక లేదు. ఉన్నట్టుండి ఇసక పొంగు వచ్చినట్టు ఉబికింది. ఒకదాని మీద ఒకటి, ఒకదాన్నొకటి తొక్కుకుంటూ, అగ్గిపెట్టె కంటే చిన్నవి పదులకొద్దీ బయటపడ్డాయి. మా అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది.

లెక్కపెట్టి, బుట్టలోకి తీసి, నీళ్లకి కొన్ని గజాల దూరంలో ఇసకమీద వదిలారు. 'నీళ్లలోనే వదిలేయొచ్చుగా, పాపం నడవలేకపోతున్నాయి' అంది అమ్మాయి. ఆ నడకే వాటికి గుర్తని పెద్దలు చెబుతారు. పుట్టిన తీరాన్ని ఏళ్ల తర్వాత వెతుక్కుని రావాలంటే ఇప్పుడు ఆ ఇసక మీద తమ కాళ్లతో తామే నడవాలట. టార్చీలు వేయనివ్వరు. వెలుగు ఎటుంటే అటే పోతాయవి.

'వీటి అమ్మ ఎక్కడుందండీ?'

'ఆవిడ ఆ రాత్రే వెళ్లిపోయిందమ్మా.'

'మళ్లీ చూడదా?'

'చూడదమ్మా. వీటికి సముద్రమే దిక్కు.'

సముద్రంలో ఏం జరుగుతుందో ఆయనకి మాకంటే బాగా తెలుసు. వెయ్యి పిల్లల్లో పెద్దయ్యేది ఒకటి, అటూఇటూగా అంచనా అంతే. పెద్దయినవాటికి మరపడవల వలలు. తాబేలు గాలి కోసం పైకి రావాలి, వలలో ఇరుక్కుంటే ఊపిరాడక పోతుంది. 2025 జనవరిలో కాకినాడ వైపు తీరానికి పెద్దసంఖ్యలో చచ్చిన తల్లి తాబేళ్లు కొట్టుకొస్తే ప్రభుత్వం విచారణకి ఆదేశించింది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరపడవలు వేట చేయకూడదని నిబంధన ఉంది. తాబేలు తప్పించుకునేలా వలకి అమర్చే చట్రం కూడా ఉంది. అది పెడితే రొయ్య జారిపోతుందని పడవలవాళ్లు, పెట్టకపోతే తాబేలు చస్తుందని అధికారులు. 'మేవూ వేటోళ్లమేనండి. ఎవర్నీ అనలేం' అని ఆయన అటు తిరిగి పుల్లమీది చీటీ పీకి జేబులో పెట్టుకున్నాడు. గూడు ఖాళీ అయింది కాబట్టి.

మేం లేచేసరికి ఎండెక్కింది. అల వచ్చి ఆఖరి పిల్లని రెండుసార్లు ఒడ్డుకే తోసేసింది. మూడోసారి వెళ్లిపోయింది.

గోడ మీద థర్మామీటరు

తిరిగొచ్చాక లెపర్డ్ గెకో మాట మళ్లీ ఎత్తలేదంటే అబద్ధం. దారిలోనే ఎత్తింది. 'పెద్దయ్యాక కొంటావా?' అంది. 'పెద్దయ్యాక నువ్వే కొనుక్కో, కాగితాలన్నీ చూసి' అన్నాను. బేరం కుదిరిందో లేదో ఇద్దరికీ తెలీదు.

ఇంటికి రాగానే అది చేసిన మొదటి పని, అమలాపురంలో కొనిపించుకున్న గోడ థర్మామీటర్ని తాతయ్య ఫొటో పక్కన మేకుకి తగిలించడం. పొద్దున 28, మధ్యాహ్నం 33, రాత్రి 30. అన్నీ పాత క్యాలెండరు వెనక రాసుకుంది. పెన్సిలుతోనే. గుడ్ల జోలికి మాత్రం పోలేదు. మాకు తెలియకుండా చేయి పెట్టిందేమోనని నేనే రెండుసార్లు తొంగిచూశాను!

అత్తకి ఇదేం నచ్చలేదు. ఇల్లంతా తెల్లగా మెరుస్తుంటే నడవలో ఆ ఒక్క గోడ మాసిపోయి ఉంది. పండక్కి వచ్చినవాళ్లందరూ అడిగారు. 'బల్లి పురిటికొచ్చిందిలే' అని అమ్మమ్మే అందరికీ జవాబు చెప్పింది. తాతయ్య ఉన్నప్పుడు కూడా ఇంతేనట. పిచిక గూడు పెట్టిందని ఒక ఏడాదంతా వీధి అరుగుమీద దీపం వెలిగించనివ్వలేదట. నాకా సంగతి అప్పటిదాకా తెలీదు.

పండగైన రెండోరోజే మేం వచ్చేశాం. థర్మామీటరు చూసే డ్యూటీ అమ్మమ్మకి పడింది. 'ఆ గీతలు నాకు కనబడవే తల్లీ' అంటే, 'మధ్యాహ్నం ఫ్యాన్ వేస్తే చాలు తాతమ్మా' అని చెప్పొచ్చింది మా పిల్ల.

నెలదాటిన తర్వాత ఒక ఆదివారం మావయ్య ఫోన్ చేశాడు. పొద్దున ఫొటో వెనక చూస్తే రెండు గుల్లలు ఖాళీగా, ఒక కొసన చిరిగి ఉన్నాయట. పిల్లలెటు పోయాయో ఎవరూ చూడలేదట. ఫోన్ అమ్మమ్మ లాక్కుంది.

'ఒరేయ్ అబ్బాయ్, అమ్మాయికి చెప్పు. రాత్రి వంటింటి లైటు దగ్గర ఈనెపుల్లంత బల్లి ఒకటి కనబడింది. ఇదో అదో నాకు తెలీదు. మేస్త్రిని మాత్రం రేపు రమ్మన్నాం.'